నల్లగొండ ఫ్లోరోసిస్ నుంచి కేర్ జాబితా దాకా: పీర్ రివ్యూ నేపథ్యం

ఏ జర్నల్‌లో వచ్చిన పేపర్‌ను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దు కావడంతో, ఆ నిర్ణయం మళ్లీ విశ్వవిద్యాలయాల చేతికే వచ్చింది. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అప్పటికే పీర్ రివ్యూ, అంటే పేపర్‌ను అచ్చువేసే ముందు అదే రంగంలోని ఇతర నిపుణులతో పరీక్షింపజేయడం, అనాదిగా వస్తున్న కట్టుబాటు అన్న అభిప్రాయం పాతుకుపోయింది. నిజానికి అది అంత పాతదేమీ కాదు.

లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ ప్రారంభించినప్పుడు ఏది అచ్చువేయాలో ప్రధానంగా ఆయనే తేల్చేవారు. 1752లో సొసైటీ ఆ పనిని ఒక కమిటీకి అప్పగించింది. రాతపూర్వక నివేదికల పద్ధతి 1830ల్లో విలియం హ్యూవెల్ ప్రతిపాదనతో మొదలైంది. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎయిరీ పత్రంపై హ్యూవెల్, జాన్ లబ్బాక్ కలిసి రాయవలసిన తొలి నివేదికలోనే ఇద్దరికీ పొసగలేదు: పత్రం గొప్పదనాన్ని చాటాలని హ్యూవెల్, అందులోని లోపాలను ఎత్తిచూపాలని లబ్బాక్. నేటికీ ఒకే పేపర్‌పై పరస్పర విరుద్ధమైన రెండు నివేదికలు అందుకునే పరిశోధకులకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఆ తరువాత కూడా ఈ పద్ధతి అన్ని జర్నళ్లకూ ఒకేసారి పాకలేదు. 1936లో ‘ఫిజికల్ రివ్యూ’ తన పత్రాన్ని మరొకరికి చూపించిందని తెలిసి ఐన్‌స్టీన్ కోపగించి దాన్ని వెనక్కి తీసుకున్నారు. నల్లగొండ విషయమే తీసుకుంటే, ఈ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిపై సిద్దిఖీ రాసిన పత్రం 1955లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చింది, బయటి నిపుణులకు చూపించే అలవాటు ఆ పత్రికకు పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఉంది. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యంపై హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో రాసిన పత్రాన్ని ప్రచురించిన ‘లాన్సెట్’ మాత్రం పీర్ రివ్యూను 1976లో గానీ క్రమబద్ధంగా చేపట్టలేదు. ‘నేచర్’ దాన్ని తప్పనిసరి చేసింది కూడా 1973లోనే. అంటే, పీర్ రివ్యూ ముద్ర ఉన్నంత మాత్రాన పరిశోధన గట్టిదని గానీ, లేనంత మాత్రాన బలహీనమని గానీ అనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు.

మరి సమీక్ష వల్ల ఒరిగేదేమిటి? మర్రిగూడ మండలం బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌పై ఒక అధ్యాపకుడు పేపర్ పంపాడనుకుందాం. అది జర్నల్ పరిధిలోకి వస్తుందా అని ఎడిటర్ ముందు చూస్తారు. రాదనుకుంటే అక్కడే తిప్పి పంపుతారు. వస్తుందనుకుంటే సాధారణంగా ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. నమూనాలు వానలకు ముందు తీశారా తరువాతా, బోరు లోతు ఎందుకు రాయలేదు, ఒకే నమూనాను రెండోసారి పరీక్షించారా, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితితో పోల్చారా లేక 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్య పరిమితితోనా అని వారు అడుగుతారు. ప్రతి ప్రశ్నకూ అధ్యాపకుడు విడివిడిగా జవాబు రాసి, పేపర్‌ను సవరించి మళ్లీ పంపాలి. సమీక్షకులు సలహా మాత్రమే ఇస్తారు, నిర్ణయం ఎడిటర్‌దే. సాధారణంగా వారికి పారితోషికం ఉండదు, పేరు కూడా బయటికి రాదు. కావాలని అంకెలు మార్చిన వారిని ఈ పద్ధతి తేలికగా పట్టుకోలేదన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే, ఎందుకంటే సమీక్షకుడు ఆ బోరు దగ్గరికి వెళ్లి చూడడు.

మన దగ్గర చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ శ్రమతో కూడిన ప్రక్రియను నియమావళి ఒక అంకెగా మార్చింది. పీహెచ్‌డీ సమర్పణకు ముందు రిఫరీడ్ (నిపుణుల సమీక్ష ఉన్న) జర్నల్‌లో ఒక పేపరైనా ఉండాలని 2009 నిబంధనలు, పదోన్నతికి పేపర్ల వంటి వాటితో వచ్చే పాయింట్లు కావాలని 2010 నిబంధనలు చెప్పాయి. లేబొరేటరీ వసతి, పాఠం చెప్పగా మిగిలే తీరిక అంతంతమాత్రమైన చోట కూడా పేపర్లు మాత్రం అందరికీ అవసరమయ్యాయి. ఆ అవసరాన్ని సొమ్ము చేసుకునే జర్నళ్లు వెలిశాయి. డబ్బు కడితే రోజుల్లోనే అంగీకార పత్రం పంపే చోట సమీక్ష జరిగిందని నమ్మడం కష్టం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన జర్నళ్ల ప్రచురణ సంస్థ ఒమిక్స్ పీర్ రివ్యూ గురించి రచయితలను మోసగించిందన్న కేసులో అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది. యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 2018 మేలో 4,305 జర్నళ్లను తొలగించింది. ఆ తరువాత వచ్చిందే కేర్ జాబితా. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను 2022లో ఎత్తివేశారు.

ఇప్పుడు విశ్వవిద్యాలయాలు మరో జాబితా తయారుచేసుకుంటే పాత కథే మళ్లీ నడుస్తుంది. నల్లగొండ పత్రాన్ని 1955లో అచ్చువేసిన బ్రిటిష్ మెడికల్ జర్నలే 1999 నుంచి సమీక్షకుల పేర్లను రచయితలకు తెలియజేస్తోంది. తరువాతి కాలంలో పరిశోధనా వ్యాసాలతో పాటు సమీక్షలనూ బయట పెడుతోంది. అన్ని జర్నళ్లూ అలా చేయవు గానీ, సమీక్షకుల నివేదికలు, వాటికి రాసిన జవాబులు రచయిత దగ్గర ఎలాగూ ఉంటాయి. పదోన్నతి దరఖాస్తుతో పాటు వాటిని కూడా జతచేయమని అడగడానికి ఏ కమిటీకీ యూజీసీ జాబితా అవసరం లేదు.