ది ఓపెన్ గోల్ఫ్ టోర్నీ: అపోహలు - వాస్తవాలు

నేను గోల్ఫ్ కోచింగ్‌లో ఉన్నాను, లోకల్ టోర్నమెంట్లకు స్కోరింగ్ టేబుల్ దగ్గర కూడా కూర్చుంటుంటాను. ఏటా జులైలో ది ఓపెన్ (మన పేపర్లు బ్రిటిష్ ఓపెన్ అని రాసేది ఇదే) మొదలవగానే ప్రాక్టీస్ రేంజ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో అవే మాటలు మళ్లీ తిరుగుతాయి. కొన్నిటిని సరదాగా వదిలేయొచ్చు. కొన్నిటివల్ల మాత్రం చూసే ఆటే అర్థం కాకుండా పోతుంది.

అపోహ: ఇది దొరలు తమ సరదా కోసం పెట్టుకున్న టోర్నీ.

పెట్టింది దొరలే, ఆ మాట నిజం. ఆడింది వాళ్లు కాదు. 1860 అక్టోబర్ 17న స్కాట్లాండ్ పడమటి తీరంలోని ప్రెస్ట్‌విక్‌కు వచ్చింది ఎనిమిది మంది, అందరూ ప్రొఫెషనల్సే. ఆ రోజుల్లో ప్రొఫెషనల్ అంటే కార్లూ బంగళాలూ ఉన్నవాడు కాదు: దొరల గోల్ఫ్ కర్రలు మోసే క్యాడీ, బంతులు చేసి అమ్ముకునేవాడు, మైదానంలో గడ్డి బాగోగులు చూసేవాడు. ఓల్డ్ టామ్ మోరిస్ ప్రెస్ట్‌విక్‌లోనే గ్రీన్‌కీపర్. అందరిలోకీ మొనగాడని పేరున్న అలన్ రాబర్ట్‌సన్ అంతకుముందు ఏడాదే చనిపోయాడు, ఇక ఆయన తర్వాత ఎవరు అన్నది తేల్చడానికి ఈ పోటీ. సొంత మైదానంలో మోరిస్‌దే గెలుపు అనుకుంటే, మసెల్‌బరా నుంచి వచ్చిన విల్లీ పార్క్ 174 స్ట్రోక్‌లతో (బంతిని కొట్టిన దెబ్బలు, తక్కువ ఉన్నవాడిదే గెలుపు), రెండు స్ట్రోక్‌ల తేడాతో ఎగరేసుకుపోయాడు. బహుమతి వెండి బకిల్ ఉన్న ఎర్ర తోలు బెల్టు. గెలిచినవాడికి నగదు ఒక్క పెన్నీ లేదు. 1864లో మొదటిసారి విజేతకు డబ్బిచ్చారు, 6 పౌండ్లు. 2025లో స్కాటీ షెఫ్లర్ అందుకున్నది 31 లక్షల డాలర్లు.

అమెచ్యూర్లకు (డబ్బు కోసం కాక సరదాకి ఆడేవాళ్లకు) తలుపు తెరిచింది రెండో ఏడాది, 1861లో.

అపోహ: మొదటి నుంచీ నాలుగు రోజులు, 72 హోల్సే.

ప్రెస్ట్‌విక్‌లో అప్పట్లో ఉన్నవే 12 హోల్స్ (బంతి వేయాల్సిన గుంటలు). వాటినే మూడుసార్లు తిరిగి, 36 హోల్స్ ఒక్కరోజులో ముగించేశారు. 72కి పెరిగింది 1892లో, మ్యూర్‌ఫీల్డ్‌లో, అదీ రెండు రోజుల్లోనే. ఆ ఏడాది గెలిచిన హెరాల్డ్ హిల్టన్ అమెచ్యూర్. నాలుగు రోజుల పద్ధతి వచ్చింది 1966లో. అంతకుముందు దాకా చివరి రోజు రెండు రౌండ్లు ఆడాల్సిందే, అంటే పొద్దున 18, మధ్యాహ్నం 18. ఇప్పటి కుర్రాళ్లకు ఈ మాట చెబితే నమ్మరు.

ఇక ఒక విస్కీ సీసాలో 18 పెగ్గులు ఉంటాయి కాబట్టి 18 హోల్స్ అనే కథ ఉంది కదా, అది క్లబ్బు బార్‌లో పుట్టిన కథ, అక్కడే వదిలేయండి. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పోతూ 11, అవే గ్రీన్స్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదుగా వస్తూ 11, మొత్తం 22 ఆడేవాళ్లు. 1764లో మొదటి నాలుగు హోల్స్‌ను కలిపి రెండు చేశారు, దాంతో పోతూ రెండు, వస్తూ రెండు తగ్గి 18 అయ్యాయి.

అపోహ: క్లారెట్ జగ్ (విజేతకిచ్చే వెండి ట్రోఫీ) గెలిస్తే ఇంట్లోనే ఉంటుంది.

ఇంట్లో ఉండిపోయింది బెల్టు. వరసగా మూడుసార్లు గెలిస్తే సొంతం అని రూలు పెట్టారు, ఓల్డ్ టామ్ కొడుకు యంగ్ టామ్ 1868, 69, 70లో గెలిచి నిజంగానే పట్టుకుపోయాడు. ఇవ్వడానికి ఏమీ లేక 1871లో టోర్నీయే జరగలేదు! తర్వాత మూడు క్లబ్బులు డబ్బులేసుకుని వెండి జగ్ చేయించాయి. 1872లో గెలిచింది మళ్లీ యంగ్ టామే, కానీ జగ్ అప్పటికి తయారు కాలేదు. అందుకే దాని మీద మొదటి పేరు అతనిది, మొదట చేతుల్లోకి తీసుకున్నది మాత్రం 1873 విజేత టామ్ కిడ్. అసలు జగ్ ఇప్పుడు సెయింట్ ఆండ్రూస్ దాటి బయటికి రాదు. విజేతకిచ్చే జగ్ ఏడాది తర్వాత తిరిగిచ్చేయాలి.

అపోహ: చివరి హోల్‌కి మూడు స్ట్రోక్‌ల ఆధిక్యం ఉంటే ఆట అయిపోయినట్టే.

ఈ ఒక్క అపోహ గురించే మొత్తం పోస్టు రాయొచ్చు. క్లబ్బుల్లో సరదాగా ఆడేవాళ్లు ఎక్కువగా మ్యాచ్ ప్లే ఆడతారు, అందులో ఒక హోల్ ఎంత చెత్తగా ఆడినా పోయేది ఆ ఒక్క హోలే. ఓపెన్ స్ట్రోక్ ప్లే, అంటే మొత్తం స్ట్రోక్‌లే లెక్క. పేకాటలో ఫుల్ కౌంట్ పడ్డట్టే, ఆ అంకె చివరిదాకా మీ లెక్కలోనే ఉంటుంది.

1999 ఓపెన్, కార్నూస్టీ మైదానం. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ 18వ హోల్ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీదికి వచ్చేసరికి మూడు స్ట్రోక్‌ల ముందున్నాడు, 4 కొట్టాల్సిన చోట 6 కొట్టినా జగ్ అతనిదే. జాగ్రత్తగా ఐరన్ (తక్కువ దూరం కొట్టే కర్ర) తీస్తాడనుకుంటే డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టేది) తీశాడు, బంతి బాగా కుడికి పోయింది. రెండోది గ్రాండ్‌స్టాండ్‌కి తగిలి, వాగు గట్టు రాతిగోడ మీద పడి ఎగిరి, వెనక్కొచ్చి ఏపుగా పెరిగిన గడ్డిలో పడింది. మూడోది నేరుగా బ్యారీ బర్న్ వాగులోకి. బూట్లూ సాక్సులూ విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, అక్కణ్నుంచే కొడదామా అని కాసేపు చూశాడు. చివరికి ఒక స్ట్రోక్ పెనాల్టీ (అదే నాలుగోది) తీసుకుని బంతిని వాగు బయట డ్రాప్ చేశాడు, ఐదోది బంకర్లో (ఇసుక గుంటలో) పడింది, ఆరోదానికి గ్రీన్ మీదికొచ్చింది, ఏడోది పట్ (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ). ఆ పట్ పడింది కాబట్టి కనీసం ప్లేఆఫ్ (టై తేల్చే అదనపు ఆట) దక్కింది. అందులో గెలిచినవాడు పాల్ లారీ, చివరి రౌండ్ మొదలయ్యేటప్పటికి పది స్ట్రోక్‌లు వెనక ఉన్న మనిషి! అందరూ వాన్ డి వెల్డ్‌ని చూసి నవ్వారు. నాకైతే ఆ ఏడో స్ట్రోక్ పట్ వేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో అనిపిస్తుంది.

టై అయితే సడన్ డెత్ (ముందుగా ఒక హోల్ నెగ్గినవాడే విజేత) అనుకోవడం కూడా తప్పే. ఆ రోజు నాలుగు హోల్స్ కలిపి లెక్కేశారు, 2019 నుంచి మూడు హోల్స్. అప్పటికీ తేలకపోతేనే సడన్ డెత్.

అపోహ: పెద్ద పేర్లున్నవాళ్లకే పిలుపు.

పిలుపు మీద నడిచేది అమెరికాలో జరిగే మాస్టర్స్. ఓపెన్‌లోని 156 మందిలో చాలామంది ర్యాంకుల వల్లా పాత విజయాల వల్లా వస్తారు, నిజమే. కానీ కొన్ని చోట్లు ఫైనల్ క్వాలిఫయింగ్‌కి వదిలేస్తారు, ఒకే రోజు 36 హోల్స్ ఆడి నెగ్గినవాళ్లు లోపలికి. పైన చెప్పిన లారీ ఆ దారినే వచ్చాడు. రెండు రౌండ్లయ్యాక కట్ పడుతుంది, మొదటి 70 మంది, 70వ స్థానంలో టై అయినవాళ్లు మిగులుతారు, మిగతావాళ్లు శుక్రవారం రాత్రికే బ్యాగు సర్దుకోవాలి.

అపోహ: టీవీ, కంప్యూటర్లు ఉన్నాయి, స్కోర్‌కార్డ్ ఒట్టి ఫార్మాలిటీ.

స్కోరింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాడిగా చెబుతున్నా, సంతకం పెట్టే ముందు ప్రతి హోల్ అంకె చూసుకోండి. 1967 ఓపెన్ విజేత రాబర్టో డి విసెంజో మరుసటి ఏడాది మాస్టర్స్‌లో చివరి రోజు 17వ హోల్‌కి 3 కొట్టాడు, కార్డు రాసిన సహ ఆటగాడు 4 అని వేశాడు, ఈయన చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఎక్కువ రాసి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయం. ఒక్క స్ట్రోక్‌తో ప్లేఆఫ్ పోయింది. 2003 ఓపెన్‌లో మార్క్ రో, యెస్పర్ పార్నెవిక్ మొదటి టీ దగ్గర కార్డులు మార్చుకోవడం (ఒకరి స్కోరు ఇంకొకరు రాస్తారు కదా) మర్చిపోయారు. రో ఆ రోజు 67 కొట్టి రేసులో ఉన్నాడు. ఇద్దరూ డిస్‌క్వాలిఫై.

మన వాడి సంగతీ చెప్పాలి. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లిన సాహిత్ తీగల 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో బంకర్లో క్లబ్ వెనక్కి తీస్తుంటే కాస్త ఇసుక తగిలిందనిపించి (అలా తగలకూడదు), తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ పడింది. అయినా మూడో స్థానంలో ముగించాడు.

అపోహ: ఓపెన్‌తో ఇండియాకి సంబంధమే లేదు.

2023లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్‌లో జరిగిన ఓపెన్‌లో మన శుభాంకర్ శర్మ ఎనిమిదో స్థానంలో టై అయ్యాడు. ఐదుసార్లు ఓపెన్ గెలిచిన ఆస్ట్రేలియన్ పీటర్ థామ్సన్ మన ఇండియన్ ఓపెన్ పుట్టడానికి సాయపడి, 1964లో జరిగిన మొదటి టోర్నీ తనే గెలిచాడు.

చూడాలనుకునేవాళ్లకు చిన్న లెక్క. అందరూ ఒకటో హోల్ నుంచే మొదలుపెడతారు కాబట్టి గురువారం, శుక్రవారం ఆట చాలా సాగుతుంది. అక్కడ పొద్దున 6:35కి మొదటి బంతి అంటే మనకి 11:05. గురువారం పొద్దున ఆడినవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం ఆడతారు, మధ్యలో గాలి తిరిగితే ఒక సగం లాభపడుతుంది, ఇంకో సగం మునుగుతుంది. దాన్నెవరూ సరిచేయరు, లీడర్‌బోర్డ్ చూసేటప్పుడు ఎవరు ఏ పూట ఆడారో కూడా చూసుకోండి.