చిరివేరు ఎరుపు, మీ కొత్త ఇంటి గోడ

చిరంజీవులు అమ్మడికీ, చిన్నోడికీ,

అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైనంతవరకు చెబుతాను, సరిచూసుకోండి. కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. గోడలన్నీ బూడిద కలిసిన తెలుపు. అమ్మడు తన గదిలో ఒక గోడకి మిరపపండు రంగు వేయించమంది. లోపలి పనులు చూసే ఆయన "వద్దమ్మా, గది ఇరుకైపోతుంది, నాలుగు రోజులకే మొహం మొత్తుతుంది" అన్నాడు. చిన్నోడేమో నేను పంపిన ఎర్రటి పెడన అద్దకం లాల్చీ వేసుకెళ్తే స్నేహితులు "ఆడపిల్లల రంగు" అని నవ్వారట. దాన్ని మడిచి బీరువా అడుగున పెట్టేశాడు.

ఈ రెండింటికీ నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. ఎరుపు పూయడం ఎవరికైనా వచ్చు, దాన్ని నిలబెట్టడం తెలియాలి. నేను కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో అదే పని కాబట్టి నాకు తెలిసింది అక్కడి నుంచే మొదలుపెడతాను.

పెడనలో కలంకారీ అద్దకం ఎలా చేస్తారో మీరు ఎప్పుడూ చూడలేదు. ముతక తెల్లగుడ్డని బాగా ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. గుడ్డ లేత పసుపుకి తిరుగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి ఊరబెట్టిన నీళ్ళు ఒక కుండలో ఉంటాయి. చెక్క అచ్చుని అందులో అద్ది గుడ్డ మీద వేయగానే, కరక్కాయలో ఉన్న వగరు, ఇనుము కలిసి నల్లటి గీత పడుతుంది. అది కళ్ళ ముందే జరిగిపోతుంది. ఎరుపు సంగతి అలా కాదు. ఎరుపు రావలసిన చోట ఎరుపు అద్దరు. పటిక నీళ్ళు, చిక్కదనానికి కాస్త జిగురు కలిపి అద్దుతారు. పటికకి రంగు లేదు కదా, ఆ పువ్వు ఎక్కడ పడిందో పనివాళ్ళకే తెలియాలని అందులో చిటికెడు ఏదో రంగు కలుపుతారు, అంతే. గుడ్డని కొన్నాళ్ళు అలాగే ఆరనిచ్చి, పారే కాలువలో జాడిస్తారు. నిలవ నీళ్ళలో జాడిస్తే విడిపోయిన పటిక పక్కకి పాకి తెల్లగా ఉండాల్సిన చోట కూర్చుంటుంది. అందుకని ప్రవాహం కావాలి.

అప్పుడు రాగి గంగాళంలో నీళ్ళు, ఎరుపునిచ్చే అలిజరిన్ అనే పొడి, జాజాకు వేసి కాచి, ఆ గుడ్డని అందులో వేసి కర్రతో తిప్పుతారు. మొదటిసారి చూసినప్పుడు నేను పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఏమీ లేని గుడ్డ మీద, ఆవిరిలోంచి, ఒక్కొక్క పువ్వే ఎర్రగా పైకి వస్తుంది. పటిక ఉన్న చోటే వస్తుంది. లేని చోట రంగు ఊరికే మరకలా పడి, తర్వాత కాలువ గట్టు మీద ఎండలో పరిచి నీళ్ళు చల్లుతూ ఉంటే వెలిసి తెల్లబడుతుంది. పటిక పట్టుకున్న ఎరుపు మాత్రం అంగుళం కదలదు.

ఎందుకలా? పటికలో అల్యూమినియం ఉంది. అది ఒక చేత్తో నూలుపోగుని, ఇంకో చేత్తో రంగుని పట్టుకుంటుంది. ఆ మధ్యవర్తి లేకపోతే రంగు మొదటి ఉతుకుకే నీళ్ళపాలు. మీ అమ్మకి మామ్మగారు, అంటే మా అత్తగారు, కొత్త చీర కొంటే అంచు తడి చేసి తెల్ల జేబురుమాలుతో రుద్ది చూసేవారు. మీరూ అలాగే చూడండి. రుమాలుకి ఎరుపు అంటిందంటే అక్కడ రంగు ఉంది కానీ పట్టు లేదు.

పాతరోజుల్లో ఈ ఎరుపు పొడిగా సీసాల్లో వచ్చేది కాదు. చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ళలోంచి తీసేవారు. సముద్రం ఒడ్డు ఇసుకనేలల్లో పెరిగే మొక్క, దారాల్లాంటి సన్నని వేళ్ళు. ఆ వేరు, ఈ పటిక, మన కృష్ణా డెల్టా నీళ్ళు కలిసి బందరు (మచిలీపట్నం) రేవుకి పేరు తెచ్చాయి. గోల్కొండ నవాబుల కాలంలో ఇక్కడి అద్దకాలు ఇరాన్ వెళ్ళేవి. 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ బందరు చేరింది. డచ్చివాళ్ళు వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చున్నారు. మన తూర్పు తీరం బట్ట యూరపు చేరాక అక్కడివాళ్ళు దాన్ని గౌనులుగా కుట్టించుకున్నారు, అదే బట్టని మంచాలకి తెరలుగా, గోడలకి వేలాడే గుడ్డలుగా కట్టుకున్నారు. అంటే అమ్మడు గోడ, చిన్నోడి లాల్చీ అప్పుడే ఒక తాను బట్టలోంచి వచ్చాయన్నమాట!

వాళ్ళకి ఆశ్చర్యం ఆ రంగుల గాఢత ఒక్కటే కాదు, ఉతికినా పోకపోవడం. నూలు మీద అంత గట్టిగా నిలిచే ఎరుపు బొమ్మ వాళ్ళకి అప్పటికి చేతకాలేదు. జనం ఎంత ఎగబడ్డారంటే, అక్కడి ఉన్ని నేతగాళ్ళు, పట్టు నేతగాళ్ళు మా బతుకేమిటని గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఈ బట్టల్ని నిషేధించింది, ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో ఇంకో చట్టం చేసింది. ఒక రంగుబట్టకి భయపడి రాజ్యాలు చట్టాలు చేశాయని చిన్నోడు తన స్నేహితులకి చెప్పాలి.

నిషేధం ఒకపక్క, రహస్యం తెలుసుకోవాలన్న ఆరాటం ఇంకోపక్క. కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ మన తీరంలో ఉండి, అద్దకంవాళ్ళని అడిగి తెలుసుకుని, ఆ పద్ధతంతా 1742లో తన దేశానికి ఉత్తరం రాశాడు. కరక్కాయ, పాలు, పటిక, వేరు, ఎండ, నీళ్ళు అన్నీ వరసగా. ఈయనే తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు కూడా కూర్చాడు. మనవాళ్ళ చేతుల్లో తరాలుగా ఉన్న విద్య అలా కాగితం మీద సముద్రం దాటింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఒకలా అవుతుంది. చెప్పినవాళ్ళ పేర్లు మనకి మిగల్లేదు, రాసినాయన పేరు మిగిలింది.

తర్వాత 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు, రాతిబొగ్గు తారులోంచి వచ్చే పదార్థంతో ఆ ఎరుపునే తయారుచేశారు. అలిజరిన్ అంటే అదే. చెట్టులో పుట్టిన రంగుని మనుషులు ప్రయోగశాలలో చేయడం అదే మొదలు. మరుసటి ఏడు వాళ్ళు హక్కుపత్రానికి (పేటెంటుకి) దరఖాస్తు పెట్టిన మర్నాడే, ఇంగ్లండులో పెర్కిన్ అనే ఆయన కూడా అదే రంగుకి దరఖాస్తు పెట్టాడు. ఒక్కరోజు తేడా! దాంతో ఫ్రాన్సులో ఎర్రవేరు పండించే పొలాలూ దెబ్బతిన్నాయి, ఇక్కడ చిరివేరు తవ్వేవాళ్ళ పనీ పోయింది. ఆ బతుకులు పోయినందుకు నాకు బాధే. అయినా పెడనలో అలిజరిన్ వాడితే అది కలంకారీ కాదనేవాళ్ళతో నేను ఒప్పుకోను. అది వేరులో ఉన్న ఎరుపే, పటికతోనే పట్టించాలి, కాలువలోనే జాడించాలి. పని మారలేదు. యంత్రం మీద గంటలో అచ్చువేసి, కలంకారీ అని చీటీ అంటించి అమ్మేదాని మీదే నా కోపమంతా.

చిన్నోడా, నీ స్నేహితులు "ఆడపిల్లల రంగు" అన్నారు కదా. నల్గొండ వైపు పుట్టపాకలో తేలియా రుమాలు అని నేస్తారు, ఒకప్పుడు మన చీరాలలో కూడా నేసేవారు. నూలుకి నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించి పట్టించి నానబెడతారు, అప్పుడే ఎరుపు లోతుగా దిగుతుంది. తేల్ అంటే నూనె, అందువల్లే ఆ పేరు. అందులో ఉండేవి మూడే రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు. దాన్ని తలపాగా చుట్టుకున్నదీ, లుంగీ కట్టుకున్నదీ జాలర్లు, పశువుల కాపర్లు. ఎండలో, ఉప్పుగాలిలో ఒళ్ళొంచి పనిచేసే మగవాళ్ళు. ఈసారి ఎవరైనా నవ్వితే ఈ మాట చెప్పు. ఆ లాల్చీ మీదకి జీన్సు వద్దు, తెల్ల పైజామా వేసుకో. తెలుపు పక్కన ఎరుపు ఎంత హుందాగా ఉంటుందో అద్దంలో నువ్వే చూసుకో.

గాఢమైన రంగుకి పక్కన ఏముందన్నదే ముఖ్యం. చిలకపచ్చ చీరకి మిరపపండు అంచు వేసిన గద్వాల నేతగాళ్ళకి ఇది తెలుసు. పసుపు రాసిన గడప మీద కుంకుమబొట్లు పెట్టే ప్రతి ఇల్లాలికీ తెలుసు. తెలంగాణ పల్లెల్లో గోడ అడుగున జాజు అలికి, దాని మీద తెల్ల సున్నంతో ముగ్గు గీస్తారు. జాజు అంటే ఎర్రమట్టి. అలాగని ఎరుపు ఎప్పుడూ కొంచెమే ఉండాలని కూడా అనుకోకండి. చేర్యాల బొమ్మల పటాలు చూడండి, వెనక నేలంతా ఎరుపే. ఆ ఎరుపు మీద పసుపు, నీలం, తెలుపు మనుషులు నల్లటి గీతల్లో కుదురుగా నిలబడతారు. అక్కడ పట్టు ఆ గీతది.

ఇప్పుడు ఒక చిన్న పని చేసి చూడండి. తెల్లగుడ్డకి పసుపు నీళ్ళు పట్టించండి. ఆరాక దాని మీద సున్నం తేట ఒక బొట్టు వేయండి (అమ్మని పక్కన పెట్టుకుని చేయండి, సున్నం కళ్ళలో పడకూడదు). చటుక్కున ఎర్రబడుతుంది. పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణి ఇదే. అసలైన కుంకుమ చేసేదీ పసుపుతోనే. మిగతా గుడ్డని నాలుగు రోజులు ఎండలో ఉంచండి, పసుపు వెలిసిపోతుంది. దానికి వెలుగంటే పడదు. ఎర్రమట్టి అలా కాదు. అందులో ఎరుపంటే ఇనుప తుప్పే. తుప్పు పట్టేసిన ఇనుముని ఎండా వానా ఇంకేం చేస్తాయి? అందుకే జాజు వెలవదు. మన పాత ఇంటి ఎర్ర గచ్చు అంతమంది కాళ్ళకి అరిగి నున్నబడింది కానీ ఎరుపు తగ్గలేదు.

అమ్మడూ, ఇక నీ గోడ. గది ఇరుకవుతుందని ఆ లోపలి పనుల ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ముదురు ఎరుపు గోడ ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. కానీ నువ్వు పడుకునే గది నీకు దగ్గరగా ఉంటే నష్టమేమిటి? అదేమన్నా సభామండపమా?

చూసుకోవలసింది వెలుతురు. కిటికీ ఉన్న గోడకి మాత్రం ఎరుపు వేయించకు. వెలుగంతా కళ్ళలోకి కొట్టి ఆ గోడ నల్లగా కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగోడో, పక్కగోడో ఎంచుకో. సాయంత్రం చీకటి పడేవేళ మన పెరట్లో మందారం దగ్గర నిలబడి చూశావా ఎప్పుడైనా? పగలంతా మండిపోయిన పువ్వు నల్లబడుతుంది, దాని ఆకులే ఇంకా కాస్త వెలుగుతున్నట్టు ఉంటాయి. మన కన్ను చీకట్లో ఎరుపుని ముందు వదిలేస్తుంది. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట పుర్కినే అనే బొహీమియా వైద్యుడు దీన్ని గమనించి రాశాడు. కాబట్టి రాత్రి దీపం సరైనది ఉండాలి. బల్బు డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది నీలం కలిసిన తెల్లవెలుగు, దాని కింద మిరపపండు చచ్చుగా ఉంటుంది. 2700, 3000 ఉన్నవి తీసుకో. సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది, 90 దాటినది అడుగు. వెలుగులో లేని ఎరుపుని గోడ ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది?

రంగుకొట్టు చీటీలో వేలిగోరంత ముక్క చూసి ఎంచకు. పెద్ద అట్టకి రెండు పూతలు వేయించి, ఆ గోడకి ఆనించి, పొద్దున, మధ్యాహ్నం, దీపం పెట్టాక చూడు. కాస్త దూరంలో తెల్లగోడ ఉంటే దాని మీద గులాబీ నీడ పడటం కూడా గమనించు. అది నచ్చకపోతే ఒక మెట్టు దిగి ఇటుక రంగుకో, గుమ్మడిపండు రంగుకో రా. అంకెలు చెప్పి అడగకు, ఈ పేర్లతోనే ఆలోచించు. దానిమ్మ గింజ, కనకాంబరం, బంతిపువ్వు, ముద్దమందారం... ఒక్క ఎరుపు చుట్టూనే మనకి ఎన్ని ఉన్నాయి!

ఈ ఉత్తరంతో పాటు మూడు గుడ్డముక్కలు పెడుతున్నాను. మొదటిది కరక్కాయలో ముంచింది. రెండోది ఉడికించి తీసిన ఎరుపు, అట్ట పక్కన పెట్టి గోడరంగు పోల్చుకోవడానికి. మూడోది చూడ్డానికి మొదటిదానిలాగే ఉంటుంది, పొరపాటున వంటింట్లో మసిగుడ్డ చేసేయకండి. దాని మీద నేను పటికతో అద్దాను, ఈసారి చిటికెడు రంగు కూడా కలపలేదు. చిరివేరులాగే ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు ఆయుర్వేదం కొట్టులో తెచ్చి ఉంచాను. దసరా సెలవులకి వచ్చేటప్పుడు ఆ ముక్క తీసుకురండి, పెరట్లో పొయ్యి పెడదాం. ఏం అద్దానో ఇప్పుడు చెప్పను.

మీ అమ్మమ్మ