ఆడపిల్లల కుస్తీ: ‘నీళ్లు మానేస్తే బరువు దిగుతుంది’, ఇంకొన్ని అపోహలు

అపోహ: పోటీకి రెండు రోజుల ముందు నీళ్లు మానేస్తే చాలు. తూకం అయ్యాక తాగేస్తే అంతా సర్దుకుంటుంది.

కుస్తీలో బరువును బట్టే కేటగిరీ, అది దాటలేదని తూచి చూశాకే ఆడనిస్తారు. అందుకే పోటీల సీజన్ వస్తే చాలు, ఈ సలహా పుట్టుకొస్తుంది. కాంటాలో అంకె తగ్గే మాట నిజమే. లీటరు చెమట పోతే కిలో తగ్గుతుంది. కానీ పోయింది కొవ్వు కాదు, నీరు. ఒంట్లో రక్తం పరిమాణం తగ్గి గుండె దడదడలాడుతుంది, లోపలి వేడి బయటికి పోదు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు కొద్ది వారాల తేడాలో ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారు. రబ్బరు సూటు వేసి పరుగెత్తించే పెద్దమనుషులు ఇది గుర్తుపెట్టుకుంటే మేలు.

పైగా ఈ సలహా పాతబడిపోయింది. ఒకప్పుడు ముందు రోజే తూచేవారు, రాత్రంతా కోలుకునే వీలుండేది. 2018 నుంచి అంతర్జాతీయ పోటీల్లో బౌట్లు (కుస్తీ ఆటలు) ఉన్న రోజు ఉదయమే తూకం. ఫైనల్‌కో, రెపిచేజ్‌కో (ఓడినవాళ్లకు కాంస్యం కోసం దొరికే రెండో అవకాశం) చేరితే మర్నాడు ఉదయం మళ్లీ తూకం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన వినేశ్ ఫోగట్ జపాన్ ఛాంపియన్ యుయి సుసాకీతో సహా ముగ్గురిని ఓడించి 50 కిలోల ఫైనల్‌కు చేరింది. మర్నాడు కాంటాలో 100 గ్రాములు ఎక్కువ. పతకం పోయింది, జాబితాలో చివరి స్థానం మిగిలింది. తెల్లారేదాకా పరుగెత్తినా ఆ కాస్త ఎందుకు దిగదని తేలిగ్గా అడుగుతారు. ఎండిన ఒళ్లు తాగిన నీటిని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే రెండో రాత్రి చెమట పట్టించడం మొదటి రాత్రికంటే చాలా కష్టం.

సరైన లెక్క వేరు. రెండు వారాలు రోజూ ఉదయం, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూచి సగటు తీయండి. సగటు 55 కిలోలు ఉండి 53 కిలోల కేటగిరీలో ఆడాలంటే వారానికి అరకిలో చొప్పున నాలుగు వారాలు కావాలి. చేతిలో ఉన్నది పది రోజులే అయితే పై కేటగిరీలో ఆడించండి. తగ్గించేటప్పుడు కోత అన్నం, నూనెల్లో ఉండాలి, ప్రోటీన్‌లో కాదు. కిలో బరువుకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ పడాలి. చివరి రోజు పీచు, ఉప్పు తగ్గిస్తే కొన్ని వందల గ్రాములు వాటంతటవే దిగుతాయి. తూకం అయ్యాక నీళ్లు ఒక్కసారిగా గటగటా కాదు, ఉప్పు కలిపి కొద్దికొద్దిగా.

నెలసరికి ముందు చాలామందికి నీరు పట్టి కిలో దాకా పెరుగుతుంది. తిండి దొంగతనంగా తిన్నావని ఆ పిల్లను తిట్టకండి. మూడు నెలలు తేదీలూ బరువూ పక్కపక్కన రాస్తే ఎవరికి ఎంత పెరుగుతుందో తెలిసిపోతుంది, దాన్ని బట్టి ముందే జాగా వదలొచ్చు.

అపోహ: నెలసరి ఆగిందంటే ట్రైనింగ్ బాగా పడుతున్నట్టు.

ఇది విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి పడక ఒళ్లు ఆ పని ఆపేసింది, అంతే. ఈస్ట్రోజెన్ పడిపోతే ఎముక పలచబడుతుంది. తర్వాత మోకాలి కింద ఎముకలో ఒకేచోట, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి మొదలవుతుంది. అది కండరం నొప్పి కాదు, సన్నటి పగులు కావచ్చు. వరసగా మూడు నెలలు రాకపోతే, లేదా పదిహేనేళ్లు దాటినా మొదలే కాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భం లేదని కూడా అక్కడే తేల్చుకోవాలి. భయపడే తల్లులకు ఒక మాట: వేళకు పట్టుకుంటే తిండి పెంచి, ట్రైనింగ్ తగ్గిస్తే చాలామందికి మళ్లీ వస్తుంది.

ఇక మిగతావి. కుస్తీ పడితే పిల్లలు పుట్టరన్నది వట్టి పుకారు. అజర్‌బైజాన్ తరఫున ఆడిన మరియా స్టాడ్నిక్ తల్లయ్యాకే 2012లో, 2016లో ఒలింపిక్ రజతాలు గెలిచింది. కుస్తీ పట్టేవాళ్ల చెవులు దెబ్బలకు ఉబ్బి ముడుచుకుపోవడం తప్పనిసరేం కాదు. ప్రాక్టీసులో ఇయర్ గార్డ్ పెట్టండి, చెవి ఉబ్బితే ఒకట్రెండు రోజుల్లోనే డాక్టరు చేత రక్తం తీయించండి. గడ్డకట్టి గట్టిపడ్డాక ఆ పని కుదరదు.

టీవీలో వచ్చే ప్రో రెజ్లింగ్ అంతా నాటకం, దెబ్బే తగలదంటారు. గెలుపోటములు ముందే రాసినవే. పడటం మాత్రం నిజం. రింగు కింద ఉక్కు చట్రం, చెక్క పలకలు, పైన పల్చటి ఫోమ్. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపంతా ఒకేసారి తగిలేలా, రెండు చేతులతో నేల చరుస్తూ పడాలి. గడ్డం లేచిందా, తల వెనక భాగం తగులుతుంది. కుస్తీ మ్యాట్ మీద మాత్రం ఇదే అలవాటు కొంప ముంచుతుంది. వీపు మ్యాట్ వైపు తిరిగితే ఎదుటివాళ్లకు పాయింట్లు, రెండు భుజాలూ ఆనితే బౌటే అయిపోతుంది. అందుకే టీవీ చూసి వెల్లకిలా పడటం మరిగిన పిల్లలకు ముందు బోర్లా తిరగడం నేర్పాలి, పట్లు తర్వాత.