సైకిల్ చైను, ఫ్రీవీల్ ఎప్పుడు మార్చాలి: అపోహలు - వాస్తవాలు

సైకిల్ షాపులో బేరం కంటే ఎక్కువ వాదన చైను దగ్గరే జరుగుతుంది. తెగేదాకా వాడతామనేవాళ్ళు కొందరు, చైనుతో పాటు ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ళచక్రం), చైన్ వీల్ (పెడళ్ళ దగ్గరుండే పళ్ళచక్రం) అన్నీ ఒకేసారి మార్చేయమనేవాళ్ళు కొందరు. చాలాసార్లు రెండు విధాలా డబ్బు దండగే.

అపోహ: తొక్కీ తొక్కీ చైను సాగిపోతుంది.

వాస్తవం: మన కాళ్ళ బలానికి ఉక్కు సాగదు. లింకుల్ని కలిపే పిన్నులూ, వాటి చుట్టూ తిరిగే భాగాలూ అరుగుతాయి. ఒక్కో పిన్ను దగ్గర అరిగేది వెంట్రుకవాసి, కానీ చైనులో వంద పైచిలుకు పిన్నులుంటాయి. దాంతో మొత్తం పొడవు పెరుగుతుంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం ఉండాలి, పళ్ళు కూడా ఆ కొలతకే కోసి ఉంటాయి. ఆ దూరం పెరిగితే చైను పంటి మొదట్లో కుదురుగా కూర్చోక పైపైకి ఎక్కుతుంది, పళ్ళను తినేస్తుంది.

అపోహ: వదులైతే ఒక లింకు తీసేస్తే సరి.

వాస్తవం: మామూలు సైకిళ్ళకు మనవాళ్ళు ఎక్కువగా చేయించేది ఇదే. లింకు తీస్తే వేలాడడం పోతుంది, నిజమే. మిగిలిన లింకుల్లో అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. వెనక చక్రాన్ని వెనక్కి లాగడానికి చోటు అయిపోయిందంటే, లింకు తీసే ముందు ఒకసారి కొలవండి.

అపోహ: ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగితే మార్చాలి.

వాస్తవం: ఎర్రమట్టిలో, వానలో నడిచే చైనుకీ, తుడిచి ఆయిల్ వేసుకుంటూ తారురోడ్డు మీద తిప్పే చైనుకీ పోలికే లేదు. కొలిస్తేనే తెలుస్తుంది, దానికి స్టీలు టేపు చాలు. టేపు కొసనున్న కొక్కెం కొంచెం కదులుతుంది, అందుకే 1 అంగుళం గీత నుంచి మొదలుపెట్టాలి. పెడల్‌ని నొక్కి పట్టి పై చైనును బిగుతుగా ఉంచి, ఒక పిన్ను ఎడమ అంచును ఆ గీతకు ఆనించండి. కొత్త చైనైతే, ఆ పిన్నును వదిలేసి దాని తర్వాతి నుంచి లెక్కపెడితే వచ్చే 24వ పిన్ను ఎడమ అంచు సరిగ్గా 13 దగ్గరకొస్తుంది. అక్కడి నుంచి అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు జరిగితే అరుగుదల అర శాతం. ఎనిమిదో వంతు జరిగితే ఒక శాతం.

వెనక 11, 12 పళ్ళచక్రాలున్న గేర్ల సైకిల్‌కు అర శాతం దగ్గరే మార్చేయాలి. 6 నుంచి 10 వరకూ ఉంటే ముప్పావు శాతం దాకా ఆగొచ్చు. గేర్లు లేనిదైతే ఒక శాతం. చైనులో గుచ్చి చూసే గేజీలు వాడేవాళ్ళకు ఒక మాట: వాటిలో చాలావరకు రోలర్ల (పిన్నుల చుట్టూ తిరిగే చిన్న గొట్టాల) వదులును కూడా కలిపేసుకుని చూపిస్తాయి. గేజీ దిగింది కదా అని వెంటనే కొనేయకుండా టేపుతో ఇంకోసారి చూసుకోండి.

అపోహ: చైను మారిస్తే పళ్ళన్నీ మార్చాల్సిందే.

వాస్తవం: చైనును వేళకు మారిస్తే అదే క్యాసెట్ (గేర్ల సైకిల్ వెనక చక్రానికుండే పళ్ళచక్రాల కట్ట) మీద ఇంకో రెండు మూడు చైన్లు నడుస్తాయి. ఆలస్యం చేస్తేనే చిక్కు. పాత చైనూ పాత పళ్ళూ కలిసి అరిగి ఒకదానికొకటి అలవాటు పడిపోతాయి, చప్పుడు కూడా రాదు. కొత్త చైను వేశాక, లేచి నిలబడి తొక్కగానే టక్కున జారుతుంది. మీరు రోజూ వాడే గేరులోనే జారుతుంది, ఎందుకంటే ఎక్కువ అరిగేది అదే. అందుకే ముందు చైను ఒక్కటే వేసి, బండిలేని రోడ్డు మీద ప్రతి గేరులోనూ గట్టిగా తొక్కి చూడాలి. జారకపోతే మిగతావి ముట్టుకోకండి. ముందున్న పెద్ద చైన్ వీల్‌కు పళ్ళు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది, దాని వంతు చివరికొస్తుంది.

చవక 7 గేర్ల సైకిల్ అయితే చైనూ ఫ్రీవీలూ రెండూ జారేదాకా నడిపి, ఒకేసారి మార్చడం కూడా తప్పేమీ కాదు. నేనైతే వద్దనను.

అపోహ: పళ్ళు చూస్తే అరిగాయో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: బాగా అరిగి సొరచేప రెక్కలా ఒక పక్కకు వంగితే ఎవరికైనా తెలుస్తుంది. అంతకుముందు తెలియదు. పైగా కొత్త క్యాసెట్‌లో కొన్ని పళ్ళు పొట్టిగా, ఏటవాలుగా ఉంటాయి. గేరు మారేటప్పుడు చైను సులువుగా ఎక్కడానికి కంపెనీలే అలా కోస్తాయి. అవి చూసి ‘అరిగిపోయింది’ అని టెన్షన్ పడేవాళ్ళున్నారు.

అపోహ: చైను జారుతోందంటే పళ్ళు పోయినట్టే.

వాస్తవం: చైను ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కసారే ఎగురుతుంటే ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయింది. పెడల్‌ని నెమ్మదిగా వెనక్కి తిప్పితే ఆ లింకు దొరుకుతుంది, అటూ ఇటూ వంచి ఆయిల్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఒక గేరు నుంచి ఇంకో గేరుకు తనంతట తానే దూకుతుంటే కేబుల్ సర్దాలి, లేదా డిరైలర్ (చైనును ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే పరికరం) తగిలించిన కొక్కెం వంగిందేమో చూడాలి. చైను పళ్ళ మీదే ఉండి, పెడల్ మాత్రం ఖాళీగా ముందుకు తిరిగిపోతుంటే, ఫ్రీవీల్ లోపల పట్టు ఇచ్చే నాలుకలు మురికికి అంటుకుపోయాయి, లేకపోతే వాటి స్ప్రింగు విరిగింది. అప్పుడు మార్చాల్సింది ఫ్రీవీల్, చైను జోలికి వెళ్ళక్కర్లేదు.