ఒక్క ఆక్సిజన్ తక్కువైన చక్కెర

డీఎన్ఏ అనగానే అందరి చూపూ ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల మీదే నిలుస్తుంది. ఆ అక్షరాలను వరుస తప్పకుండా పట్టి ఉంచే చక్కెరను తలచుకునేవారు తక్కువ. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది మాత్రం ఆ చక్కెరే.

దాని పేరు డీఆక్సీరైబోజ్, అంటే ఆక్సిజన్ తొలగిన రైబోజ్. తనలో లేనిదాన్నే పేరులో మోస్తున్న పదార్థమిది. డీఎన్ఏకు సోదర అణువైన ఆర్ఎన్ఏలోని చక్కెర రైబోజ్‌కు ఐదు కార్బన్లు, ఐదు ఆక్సిజన్లు. డీఆక్సీరైబోజ్‌కూ కార్బన్లు ఐదే గాని, ఆక్సిజన్లు నాలుగు. రెండో కార్బన్ దగ్గర హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) ఉండవలసిన చోట వట్టి హైడ్రోజన్ ఉంటుంది. రైబోజ్‌ను 1909లో గుర్తించిన జీవరసాయన శాస్త్రవేత్త ఫీబస్ లెవీన్‌కు ఈ రెండో చక్కెర ఏమిటో తేల్చేసరికి 1929 వచ్చింది.

ఇంత చిన్న తేడాకు అంత విలువ ఎందుకు? ఆర్ఎన్ఏ పోగులో ఆ హైడ్రాక్సిల్ పక్కనే, చక్కెరను చక్కెరతో కలిపే, ఫాస్ఫరస్ ఉన్న ఫాస్ఫేట్ ముడి ఉంటుంది. క్షార ద్రావణంలో హైడ్రాక్సిల్ తన హైడ్రోజన్‌ను వదులుకుంటుంది. మిగిలిన ఆక్సిజన్ పక్కనున్న ఫాస్ఫరస్‌తో బంధం కట్టుకుంటుంది, అక్కడితో పోగు తెగిపోతుంది. అంటే ఆర్ఎన్ఏను తెంచే కత్తి దాని ఒంట్లోనే ఉంది. డీఎన్ఏకు ఆ కత్తి లేదు. అదే ద్రావణంలో దాని జంటపోగులు విడిపోతాయి, ఏ పోగూ ముక్కలు కాదు. గ్రీన్‌లాండ్ గడ్డకట్టిన మట్టిలో 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్ఏ శకలాలు దొరికాయని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాటిని కాపాడింది చలి. అయితే అంతకాలం నిలవగల ఓర్పులో ఈ చక్కెరకూ వాటా ఉంది.

ఈ బలం ఉచితంగా రాలేదు. ఆ ఆక్సిజన్ లేకపోవడం వల్ల చక్కెరకూ అక్షరానికీ మధ్య బంధం ఆర్ఎన్ఏలో కంటే బలహీనమైంది. మన ఒక్కో కణంలో రోజూ వేలసంఖ్యలో ఎ, జి అక్షరాలు వాటంతటవే ఊడిపోతుంటాయి. మరమ్మతు ఎంజైములు ఆ ఖాళీలను వెతికి పూడుస్తాయి. ఈ క్షయాన్ని లెక్కగట్టి, మరమ్మతు తీరును వెలికితీసిన టోమస్ లిండాల్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది.

ఆ బలహీనతే 1924లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ ఫాయల్గన్‌కు పనికొచ్చింది. కణాలను పలుచని ఆమ్లంతో వేడిచేస్తే ఎ, జి అక్షరాలు రాలి, చక్కెర వలయం తెరుచుకుని ఆల్డిహైడ్ అనే రసాయన సమూహం బయటపడుతుంది. ఆల్డిహైడ్‌తో కలిసి రంగునిచ్చే షిఫ్ కారకం తగిలితే కేంద్రకం ముదురు గులాబీ రంగు పులుముకుంటుంది. డీఎన్ఏ కణంలో ఎక్కడుందో కంటితో చూడగలగడం అప్పుడే సాధ్యమైంది!

కణం ఈ చక్కెరను విడిగా తయారుచేయదు. ముందు ఆర్ఎన్ఏ ముడిసరుకును సిద్ధం చేసుకుని, రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైముతో రెండో కార్బన్ మీది ఆక్సిజన్‌ను తీయిస్తుంది.

మరి మూడో కార్బన్ మీది ఆక్సిజన్‌ను కూడా తీసేస్తే? కొత్త అక్షరం వచ్చి తగులుకునేది అక్కడే కాబట్టి గొలుసు ఆగిపోతుంది. బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాంగర్ 1977లో సరిగ్గా అలాంటి చక్కెరలనే వాడి, గొలుసు ఎక్కడెక్కడ ఆగిందో చూసి డీఎన్ఏ అక్షరాల వరుసను చదివాడు. మానవ జన్యుపటాన్ని తొలిసారి చదివింది కూడా ఆ పద్ధతితోనే.