మొదటి పోటీల్లో ర్యాంకు రాకపోతే ఇక స్కేటింగ్ రానట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

రిజల్ట్ షీట్ గోడకి అంటించారో లేదో, ఫోన్‌లో ఫొటో తీసుకుని నా దగ్గరికి వచ్చేస్తారు. "మేడమ్, చివరి నుంచి రెండోది. మా వాడికి ఇది పడదంటారా? మాన్పించేద్దామా?" డల్లాస్ చుట్టుపక్కల రింకుల్లో పిల్లలకు ఫిగర్ స్కేటింగ్ నేర్పుతుంటాను, తెలుగు తల్లిదండ్రులు బాగానే ఉంటారు, ఈ ప్రశ్న వినకుండా ఒక్క సీజన్ గడవదు. అడిగేవాళ్ల మీద నాకేం కోపం లేదు. బూట్లు, బ్లేడ్లు, ఐస్ టైమ్ ఫీజులు, తెల్లారకముందే లేచి డ్రైవింగ్, ఇంత పెట్టాక ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. నా కోపమల్లా "పదేళ్లకల్లా డబుల్ యాక్సెల్ (గాల్లో రెండున్నర చుట్లు తిరిగే జంపు) రాకపోతే ఇంకంతే" అని వాట్సాప్ గ్రూపుల్లో తీర్పులిచ్చేవాళ్ల మీద.

అపోహ: గొప్ప స్కేటర్లు మొదటి నుంచీ గెలుస్తూనే వస్తారు.

ఇలా అన్నవాళ్లందరికీ నేను చెప్పే పేరు ఒండ్రెయ్ నెపెలా. 1951లో బ్రాటిస్లావాలో పుట్టాడు. 1958లో ఆ ఊళ్లోనే యూరోపియన్ చాంపియన్‌షిప్ జరిగింది, వాళ్ల దేశపు స్కేటర్ కరోల్ దివిన్ గెలిచాడు, అది చూసి ఈ ఏడేళ్ల పిల్లాడు నేనూ నేర్చుకుంటానని వాళ్లమ్మ వెంటపడ్డాడు. హిల్డా ముద్రా అనే కోచ్ దగ్గర చేర్పించారు. 1964లో చెకొస్లొవేకియా తరఫున ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో దిగేనాటికి 13 నిండి రెండు వారాలు కూడా కాలేదు. వచ్చిన స్థానం 22.

"ఆ వయసులో ఒలింపిక్స్‌కి వెళ్లడమే గొప్ప కదండీ" అంటారు. సరే, గొప్పే. కానీ అదే పోటీలో అమెరికా కుర్రాడు స్కాట్ అలెన్ ఇంకో రెండు రోజుల్లో 15వ పుట్టినరోజు ఉందనగా కాంస్యం కొట్టాడు, మరుసటి ఏడాది ప్రపంచ పోటీల్లో రజతం కూడా తెచ్చుకున్నాడు. ఆ రోజు షీట్ చూసి పందెం కాయమంటే నేనైనా అలెన్ మీదే కాసేదాన్ని. 1968 ఒలింపిక్స్‌కి అలెన్ అమెరికా జట్టులోనే లేడు. 1972లో సపోరోలో స్వర్ణం ఆ 22వ స్థానం కుర్రాడిది.

మధ్యలో జరిగింది ఇంకా చూడాలి. యూరోపియన్ పోటీల్లో 1966, 1967, 1968, మూడేళ్లూ మొదటి మూడు స్థానాలు ఒకటే: ఆస్ట్రియా స్కేటర్లు డాన్‌జర్, ష్వార్జ్, ఆ తర్వాత నెపెలా, అదే వరసలో. 1968 ఒలింపిక్స్‌లో 8వ స్థానం. మన ఇళ్లలో అయితే రెండో కాంస్యానికే కోచ్‌ని మార్చేసేవాళ్లం. నెపెలా ఏడేళ్లప్పుడు చేరిన కోచ్ దగ్గరే చివరిదాకా ఉన్నాడు. 1969 నుంచి వరసగా ఐదు యూరోపియన్ టైటిళ్లు, 1971 నుంచి 1973 దాకా మూడు ప్రపంచ టైటిళ్లు.

ఎందుకిలా? అప్పట్లో మార్కుల్లో 60 శాతం కంపల్సరీ ఫిగర్స్‌వే (1968 నుంచి సగం). ఒంటికాలి మీద ఐస్‌పై వలయం గీయాలి, గీసిన గీత మీదనుంచే మళ్లీ మళ్లీ పోవాలి, ఆ తర్వాత జడ్జీలు ఐస్ మీదకి వచ్చి నడుం వంచి గీతలు చూసేవాళ్లు, బ్లేడ్ రెండు అంచులూ ఒకేసారి తగిలాయా, మలుపు ఉండాల్సిన చోట ఉందా అని. అది ఏడాది రెండేళ్లలో వచ్చే విద్య కాదు. ప్రపంచ చాంపియన్‌గా వెళ్లిన డాన్‌జరే 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో ఫిగర్స్ దెబ్బకి నాలుగో స్థానంలో ఆగిపోయాడు. అలాంటి పనిలో 13 ఏళ్లవాడి ర్యాంకు వాడు ఎంతవరకు వచ్చాడో చెబుతుందేగానీ ఎక్కడిదాకా వెళ్తాడో చెప్పదు.

1990 తర్వాత అంతర్జాతీయ పోటీల్లో ఫిగర్స్ లేవు, కానీ ఎడ్జ్‌లు (బ్లేడ్ ఒక్క అంచు మీదే అదుపుగా జారడం) నెమ్మదిగానే వస్తాయి, అది మారలేదు. పొట్టిగా, తేలిగ్గా ఉన్న పిల్లలు డబుల్స్ (రెండు చుట్ల జంపులు) ముందే వేసేస్తారు, షీట్‌లో పైన ఉంటారు. ఒక్కసారిగా ఎత్తు పెరిగే వయసు రాగానే అవే జంపులు చాలామందికి తప్పిపోతాయి. ఇది తెలియక ర్యాంకు కోసం తొందరపెడతారు. వేరే చోట నేర్చుకుని నా దగ్గరికి వచ్చిన ఒక పాప డబుల్ సాల్కావ్ అనే జంపు వేస్తున్నానంటూ అర చుట్టు ఐస్ మీదే తిరిగేసి అప్పుడు లేచేది, దిగడం రెండు కాళ్ల మీద. ఇంట్లో మాత్రం "డబుల్ వచ్చేసింది" అని వీడియోలు. ఆ అలవాటు మాన్పించడానికి పట్టిన టైమ్‌లో ఇంకో పిల్లకి ఆ జంపు మొదటి నుంచి నేర్పేయొచ్చు. పాప మోకాలి నొప్పి సంగతి వేరే.

మిగతావి గబగబా చెప్పేస్తా.

నెపెలాకి దూకడం రాదు, ఫిగర్స్ మీదే నెట్టుకొచ్చాడు అంటారు. ఫిగర్స్ ఆయన బలం, నిజమే. కానీ సపోరోలో అంత ఆధిక్యం చేతిలో ఉండి కూడా ట్రిపుల్ టో లూప్ అనే మూడు చుట్ల జంపుకి వెళ్లి పడ్డాడు, పోటీల్లో నాలుగేళ్ల తర్వాత అదే మొదటి పడటం. దాచుకుని ఆడేవాడు ఆ జంపుకి ఎందుకు వెళ్తాడు?

ఆయన చెక్ ఆటగాడు అంటారు. కాదు, స్లొవాక్. స్లొవేకియా విడి దేశం కావడానికి నాలుగేళ్ల ముందే, 1989లో, 38 ఏళ్లకే పోయాడు. 2000లో స్లొవేకియాలో శతాబ్దపు క్రీడాకారుడిగా ఎన్నుకున్నది ఆయన్నే.

13 ఏళ్లకే ఒలింపిక్స్ అని ఇప్పుడు కలలు కనొద్దు. అంతర్జాతీయ సీనియర్ పోటీలకి కనీస వయసు 17, అదీ సీజన్ మొదలయ్యే జులై 1 నాటికి. 17 ఏళ్లకి ఇంకా జూనియరేనా అని మూతి విరవకండి కూడా: స్లొవేకియా కుర్రాడు ఆడం హగారా 2024లో తైపీలో ప్రపంచ జూనియర్ కాంస్యం గెలిచింది 17 ఏళ్లప్పుడే.

ప్రోటోకాల్ (జడ్జీలు ఒక్కో జంపుకి, స్పిన్‌కి వేసిన మార్కుల షీట్) ఇచ్చే పోటీ అయితే ర్యాంకు పక్కన పెట్టి అది తెచ్చుకోండి. ఏ జంపు పక్కన తక్కువ తిరిగిందన్న గుర్తు పడింది, స్పిన్‌కి ఏ లెవల్ ఇచ్చారు, పోయిన పోటీ కంటే ఏది మారింది, కూర్చుని చూద్దాం. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మాత్రం కాదు.