శాన్‌ఫర్డ్ కాల్పులు: ఆ ఏడు నిమిషాలు చట్టానికి ఎందుకు కనపడలేదు

2012 ఫిబ్రవరి 26, ఆదివారం సాయంత్రం. ఫ్లోరిడా రాష్ట్రం శాన్‌ఫర్డ్ పట్టణంలో ‘ద రిట్రీట్ ఎట్ ట్విన్ లేక్స్’ అనే గేటెడ్ కమ్యూనిటీ. పదిహేడేళ్ళ ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాడు అక్కడ తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. కాల్చినవాడు 28 ఏళ్ళ జార్జ్ జిమ్మర్‌మన్, ఆ కాలనీ నైబర్‌హుడ్ వాచ్‌కి, అంటే ఇరుగుపొరుగు కాపలాకి, కోఆర్డినేటర్. కుర్రాడి దగ్గర ఆయుధం లేదు. దుకాణంలో కొనుక్కున్న స్కిటిల్స్ మిఠాయి ప్యాకెట్టూ, ఒక పళ్ళరసం డబ్బా ఉన్నాయి. తండ్రికి కాబోయే భార్య ఇల్లు ఆ కాలనీలోనే ఉంది, అతను అక్కడికే చుట్టంగా వచ్చాడు. పదహారు నెలల తర్వాత, 2013 జులై 13 రాత్రి, ఆరుగురు మహిళలున్న జ్యూరీ జిమ్మర్‌మన్ నిర్దోషి అని తేల్చింది.

ఈ కేసు చాలామందికి ‘స్టాండ్ యువర్ గ్రౌండ్’ (ప్రాణభయం ఉంటే తప్పుకోనక్కర్లేదు, నిలబడి ఎదుర్కోవచ్చనే చట్టం) కేసుగా గుర్తుండిపోయింది. అందులో నిజం కొంతే. ఆ రాత్రి వెనక వేరువేరుగా పెరిగిన మూడు వ్యవస్థలున్నాయి: ఇరుగుపొరుగు కాపలా, గేటు వెనక కాలనీ, ఆత్మరక్షణ చట్టం. కాపలా నియమం వెంబడించవద్దని చెబుతుంది. ఆత్మరక్షణ చట్టం, వెంబడించినంత మాత్రాన నీ హక్కు పోదని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి ఎవరూ ఎక్కడా రాయలేదు. కుర్రాడి ప్రాణం పోయింది ఆ సందులోనే.

చూడాలి, ఫోన్ చేయాలి, ఆగాలి

అమెరికాలో నైబర్‌హుడ్ వాచ్‌కి ఇప్పుడున్న రూపం 1972లో వచ్చింది. ఇళ్ళలో దొంగతనాలు పెరుగుతుంటే జాతీయ షెరీఫ్‌ల సంఘం దాన్ని దేశమంతటికీ ఒక కార్యక్రమంగా మలిచింది. పద్ధతి సులువు. కాలనీవాళ్ళు పోలీసు శాఖను సంప్రదిస్తారు, శాఖ నుంచి ఒక సమన్వయకర్త వచ్చి సమావేశం పెడతారు. అక్కడ ఒక కోఆర్డినేటర్‌నీ, వీధికొక బ్లాక్ కెప్టెన్‌నీ ఎన్నుకుంటారు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో జాబితా రాసుకుంటారు, బోర్డులు పెడతారు. అనుమానం వస్తే మనిషి ఎత్తు, బట్టలు, బండి నంబరు, ఏ దిక్కుకు వెళ్ళాడన్నది గమనించి పోలీసులకు చెప్పాలి. సభ్యుడి పని అక్కడితో అయిపోతుంది. వెంబడించకూడదు, నిలదీయకూడదు, కాపలా పనిలో ఆయుధం ఉండకూడదు. పోలీసులకు కళ్ళూ చెవులూ కావాలి తప్ప చేతులు కావొద్దన్నది ఈ కార్యక్రమానికి మూలసూత్రం.

రిట్రీట్ కాలనీలో 2011లో వరసగా దొంగతనాలు జరిగాయి. ఆ ఆగస్టులో ఒక ఇంట్లో దొంగలు జొరబడితే ఒక తల్లి పసిబిడ్డతో మేడ మీద గదిలో దాక్కోవాల్సి వచ్చింది. భయం నిజమైనదే, ఆ మాట దాచనక్కర్లేదు. సెప్టెంబరులో శాన్‌ఫర్డ్ పోలీసు శాఖ సమన్వయకర్త వచ్చి సమావేశం పెట్టారు, జిమ్మర్‌మన్ కోఆర్డినేటర్ అయ్యాడు. వెంబడించవద్దనీ ఎదురుపడవద్దనీ అక్కడ చెప్పామని ఆ సమన్వయకర్త తర్వాత కోర్టులో సాక్ష్యం ఇచ్చారు. యూనిఫాం వేసుకుని, పోలీసు శాఖ గుర్తున్న కారులో తిరిగే ‘సిటిజన్స్ ఆన్ పెట్రోల్’ అనే శిక్షణ ఉన్న దళం ఒకటి వేరే ఉంది. అందులో చేరమని అడిగితే అతను వద్దన్నాడు.

లోపం నిర్మాణంలోనే ఉంది. ఈ నియమాలన్నీ సలహాలే. మీరితే శిక్ష లేదు, తొలగించే అధికారి లేడు. జాతీయ షెరీఫ్‌ల సంఘం జాబితాలో ఈ కాలనీ నమోదు కూడా కాలేదు. పైగా ఈ కాపలాకి డ్యూటీ వేళలు లేవు. ఆ సాయంత్రం జిమ్మర్‌మన్ గస్తీకి బయల్దేరలేదు, టార్గెట్ దుకాణానికి వెళ్తున్నానని చెప్పాడు. నడుముకున్న కెల్-టెక్ పీఎఫ్-9 పిస్తోలు అతని సొంతం, దాచి పట్టుకెళ్ళడానికి లైసెన్సు ఉంది. అర్హతలున్నవాళ్ళకు ఆ లైసెన్సు ఇచ్చి తీరాలని ఫ్లోరిడా 1987లోనే చట్టం చేసుకుంది. కాబట్టి ‘వాచ్ సభ్యుడికి తుపాకీ ఉండకూడదు’ అనే నియమం, ‘షాపింగ్‌కి వెళ్ళే పౌరుడు’ అయిన అతన్ని ఆపలేకపోయింది.

గేటు లోపల ముక్కూమొహం తెలియని పొరుగు

రిట్రీట్‌లో 263 టౌన్‌హౌస్‌లు, మూడే వీధులు. ఇళ్ళ ధరలు చుక్కలంటిన రోజుల్లో కట్టిన కాలనీ. 2008 తర్వాత ధరలు సగానికి పైగా పడిపోయాయి, కొన్ని ఇళ్ళు బ్యాంకుల పరమయ్యాయి, చాలా ఇళ్ళలోకి అద్దెకు కొత్తవాళ్ళు వచ్చి పోతుండేవారు. గేటెడ్ కమ్యూనిటీ అనే ఆలోచన నిలబడేది ‘మనవాళ్ళెవరో మనకు తెలుసు’ అన్న నమ్మకం మీద. పొరుగింట్లో ఎవరుంటున్నారో తెలియని చోట గుర్తుపట్టలేదన్న మాటకు అర్థమే మారిపోతుంది. గేటు కార్లను ఆపుతుంది, నడిచొచ్చేవాళ్ళకు దారులుంటాయి. చీకట్లో, వానలో, హుడీ వేసుకుని నడుస్తున్న నల్లజాతి కుర్రాడు బయటివాడే అయి ఉంటాడని అనుకోవడానికి ఇంకేమీ అవసరం లేకపోయింది. అంతకుముందు ఆరు నెలల్లో జిమ్మర్‌మన్ పోలీసులకు చేసిన ఐదు ఫోన్ల రికార్డింగులను జ్యూరీ విన్నది. అన్నీ కాలనీలో కనపడిన కొత్త మనుషుల గురించే.

ఇళ్ళ యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ, బాధ్యత ఎంత? ఏదైనా జరిగితే పోలీసులకు చెప్పాక జిమ్మర్‌మన్‌కి కూడా తెలపమని సంఘం తన వార్తాలేఖలో నివాసులకు రాసింది. ఆ ఒక్క వాక్యంతో సొంతంగా తిరిగే వ్యక్తి సంఘం మనిషి అయ్యాడు. కుర్రాడి తల్లిదండ్రులు సంఘం మీద వేసిన దావా 2013లో, హత్య కేసు విచారణకు ముందే, రాజీతో ముగిసింది. ఎంతిచ్చారో బయటపెట్టలేదు, పది లక్షల డాలర్లకు పైనే అని పత్రికలు రాశాయి. క్రిమినల్ కోర్టులో ఎవరికీ శిక్ష పడలేదు గానీ డబ్బు కట్టినవాళ్ళు మాత్రం ఉన్నారు.

వెనక్కి తగ్గాలా, నిలబడాలా

ఇంగ్లండ్‌లో 1604 నాటి సెమేన్ కేసు తీర్పు ‘ఎవరి ఇల్లు వారికి కోట’ అంది. ఇంటి బయట మాత్రం పాత న్యాయం వేరుగా ఉండేది. గొడవలో చిక్కుకున్నవాడు వీపుకు గోడ తగిలేదాకా వెనక్కి తగ్గాలి, ఇక దారి లేదన్నప్పుడే ప్రాణం తీసే దెబ్బ కొట్టాలి. అమెరికా కోర్టులు దీన్ని కొంచెం కొంచెంగా సడలించాయి. 1876లో ఒహాయో సుప్రీంకోర్టు, తప్పు చేయని మనిషి పారిపోనక్కర్లేదంది. 1921లో ఫెడరల్ సుప్రీంకోర్టు జడ్జి హోమ్స్, ఎత్తిన కత్తి ఎదురుగా ఉన్నప్పుడు తీరిగ్గా ఆలోచించమని ఎవరినీ అడగలేమన్నారు. అయినా చాలా రాష్ట్రాల్లో, ఫ్లోరిడాతో సహా, బహిరంగ స్థలంలో వీలైతే తప్పుకోవాలన్న నియమం నిలిచే ఉంది.

2004లో ఫ్లోరిడాను ఐవాన్ తుఫాను ముంచెత్తాక పెన్సకోలా దగ్గర ఒక వృద్ధుడు తాను ఉంటున్న ట్రైలర్ బండిలోకి చొరబడిన మనిషిని కాల్చాడు. అతని మీద కేసు పెట్టలేదు, కానీ నిర్ణయానికి నెలలు పట్టింది. ఆ ఆలస్యాన్నే అన్యాయంగా చూపించి, తుపాకీ యజమానుల సంస్థ ఎన్‌ఆర్‌ఏ కొత్త చట్టం కోసం గట్టిగా పట్టుబట్టింది. గవర్నర్ జెబ్ బుష్ సంతకంతో 2005 అక్టోబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ‘స్టాండ్ యువర్ గ్రౌండ్’ అంటే ఇదే. ఉదాహరణగా చూపింది ఇంట్లో జరిగిన ఘటన, చట్టం మాత్రం వీధుల్లోకీ విస్తరించింది. చట్టబద్ధంగా ఉండదగిన ఏ చోటైనా సరే, ప్రాణభయం సహేతుకమైతే తప్పుకోనక్కర్లేదు. అంతకన్నా పెద్ద మార్పు ఇమ్యూనిటీ. ఆత్మరక్షణ నిజమైతే శిక్ష నుంచే కాదు, అరెస్టు, ప్రాసిక్యూషన్, సివిల్ దావా అన్నిటి నుంచీ రక్షణ. బలప్రయోగం చట్టవిరుద్ధమని నమ్మడానికి తగిన ఆధారం ఉందని తేల్చుకోకుండా పోలీసులు అరెస్టు చేయకూడదు.

శాన్‌ఫర్డ్‌లో ఈ చట్టం ప్రభావం తీర్పు కన్నా ముందే కనపడింది. జిమ్మర్‌మన్‌ని కొన్ని గంటలు విచారించి అదే రాత్రి పంపేశారు. విచారణాధికారి మార్చి 13న, మాన్‌స్లాటర్ (హత్య కన్నా తక్కువ తీవ్రత ఉన్న నరవధ) అభియోగం పెట్టాలనీ, అతను కారులోనే ఉండి పోలీసుల కోసం ఆగి ఉంటే ఇది జరిగేది కాదనీ రాశారు. అయినా అరెస్టు లేదు. అత్యవసర నంబరు 911కి వచ్చిన ఫోన్ల రికార్డింగులు బయటికి వచ్చి దేశమంతా జనం వీధుల్లోకి వచ్చాక గవర్నర్ రిక్ స్కాట్, ఏంజెలా కోరీని స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా నియమించారు. ఆమె ఏప్రిల్ 11న సెకండ్ డిగ్రీ మర్డర్ (ముందస్తు పథకం లేని హత్య) అభియోగం మోపారు. అప్పటికి నలభై ఐదు రోజులు గడిచాయి.

7:09 నుంచి 7:16 వరకు

రాత్రి 7:09కి జిమ్మర్‌మన్ పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేశాడు. మాటల మధ్యలో కారు దిగాడు. వెంబడిస్తున్నారా అని అడిగిన డిస్పాచర్‌కి (పోలీసుల తరఫున ఫోన్ ఎత్తే ఉద్యోగికి) అవునన్నాడు. ‘ఆ పని మీరు చేయనక్కర్లేదు’ అన్నాడు డిస్పాచర్. ‘సరే’ అన్నాడు ఇతను. ఆ మాటను జనం పోలీసు ఆదేశంగా విన్నారు, నిజానికది ఆదేశం కాదు. నేరుగా ఆజ్ఞ ఇస్తే తర్వాత బాధ్యత తమ మీద పడుతుంది కాబట్టి తాము అలా ఇవ్వమని ఆ డిస్పాచరే కోర్టులో చెప్పాడు. 7:13కి ఫోన్ ముగిసింది. ఆ తర్వాత రెండున్నర నిమిషాల్లో ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చూసిన సాక్షి లేరు. 7:16కి ఇరుగుపొరుగు నుంచి మొదటి 911 ఫోన్, అందులో వెనక నుంచి కేకలు, నిమిషం లోపే గుండు చప్పుడు. 7:17కి పోలీసు వచ్చాడు.

కోర్టులో డిఫెన్సు లాయర్లు ముందస్తు ఇమ్యూనిటీ విచారణ, అంటే జ్యూరీ దాకా వెళ్ళకముందే ఆ చట్టరక్షణ ఇమ్మని జడ్జిని అడగడం, కోరనేలేదు. తాను నేల మీద పడి ఉన్నాననీ, కుర్రాడు పైనెక్కి తలను కాంక్రీటు బాటకేసి కొడుతున్నాడనీ జిమ్మర్‌మన్ వాదన. కిందపడినవాడు వెనక్కి తగ్గలేడు కాబట్టి ఇది మామూలు ఆత్మరక్షణే అన్నారు. అయినా ‘వెనక్కి తగ్గనక్కర్లేదు, నిలబడవచ్చు’ అన్న వాక్యం, చట్టం ఏమంటుందో వివరిస్తూ జడ్జి జ్యూరీకిచ్చిన సూచనల్లో ఉంది. 2005 తర్వాత అది ప్రామాణిక సూచనల్లో భాగమైపోయింది.

అసలు మలుపు సూచనల్లో చేరని వాక్యం దగ్గర ఉంది. ముందుగా రెచ్చగొట్టినవాడికి ఆత్మరక్షణ హక్కు పరిమితమని ఫ్లోరిడా చట్టంలోనే ఉంది. అలాంటివాడు తప్పించుకునే దారులన్నీ వెతికి ఉండాలి. ఆ సూచన ఇవ్వాలని ప్రాసిక్యూషన్ అడిగింది. రెచ్చగొట్టడం అంటే బలప్రయోగమో, బెదిరింపో ఉండాలనీ, వెంట నడవడం నేరం కాదనీ డిఫెన్సు వాదించింది. పాత అప్పీలు తీర్పులు వాళ్ళ పక్షానే ఉన్నాయి. జడ్జి డెబ్రా నెల్సన్ ఆ సూచన ఇవ్వలేదు. దాంతో 7:09 నుంచి జరిగినదంతా జ్యూరీ ముందు సాక్ష్యంగా ఉన్నా, చట్టం అడిగే ప్రశ్నలో దానికి చోటు లేకుండాపోయింది. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో అతని భయం సహేతుకమేనా? అది ఆత్మరక్షణ కాదని అనుమానానికి తావు లేకుండా నిరూపించే బరువు ప్రాసిక్యూషన్‌ది. కుర్రాడు చనిపోయాడు. 911 రికార్డింగులో కేకలు తన కొడుకువే అని కుర్రాడి తల్లీ, జిమ్మర్‌మన్ తల్లీ ఎవరికి వారే చెప్పారు. గొంతు పోల్చగలమన్న నిపుణుల సాక్ష్యాన్ని జడ్జి అప్పటికే తోసిపుచ్చారు. తుపాకీ మొన బట్టకు ఆనింది గానీ ఒంటికి కొన్ని అంగుళాల దూరం ఉందనీ, కుర్రాడు పైనుంచి వంగి ఉంటే అలా అవుతుందనీ డిఫెన్సు ఫోరెన్సిక్ నిపుణుడు చెప్పాడు. పదహారు గంటలకు పైగా చర్చించి జ్యూరీ ఇచ్చిన తీర్పు ఆ సూచనల పరిధిలో అర్థమయ్యేదే. నా అభ్యంతరం జ్యూరీ మీద కాదు, ఆ పరిధి మీద. నిరాయుధుడైన కుర్రాడిని చీకట్లో తుపాకీతో వెంబడించిన మనిషికి, దానివల్ల వచ్చిపడిన ప్రమాదంలో ఏ బాధ్యతా లేదనడం న్యాయం కాదు.

మన దగ్గర ఇదే ప్రశ్న వేరుగా ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ ప్రకారం, అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నచోట ప్రైవేటు రక్షణ హక్కే లేదు. పాత ఐపీసీ 99వ సెక్షన్ కూడా ఇదే చెప్పేది. ఆత్మరక్షణ చూపించుకునే బరువు కూడా నిందితుడిదే, సంభావ్యత మేరకు చాలు. అంటే ఫోన్ చేసి, పోలీసులు వస్తున్నారని తెలిసి ముందుకు నడిచిన నిమిషాలు మన కోర్టులో వాదన మధ్యలోకి వస్తాయి.

తర్వాత

ఫెడరల్ న్యాయశాఖ 2015 ఫిబ్రవరిలో పౌరహక్కుల కేసు పెట్టకుండానే ఫైలు మూసింది. ఫ్లోరిడా చట్టం మెత్తబడకపోగా 2017లో ఇంకా బిగిసింది: ఇమ్యూనిటీ విచారణలో నిరూపించే బరువు నిందితుడి నుంచి ప్రాసిక్యూషన్‌కి మారింది. అదే ఏడాది జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, 2005 చట్టం తర్వాత ఫ్లోరిడాలో హత్యల రేటు సుమారు 24 శాతం పెరిగిందని తేల్చింది.

జార్జియాలో కథ వేరే దారి పట్టింది. 2020 ఫిబ్రవరి 23న బ్రన్స్‌విక్ దగ్గర సటిల్లా షోర్స్‌లో పరుగుకు వెళ్ళిన అహ్మద్ ఆర్బరీని ముగ్గురు ట్రక్కుల్లో తరిమారు, వారిలో ఒకడు కాల్చి చంపాడు. వాళ్ళు 1863 నాటి సిటిజన్స్ అరెస్ట్ (మామూలు పౌరులే నేరస్తుణ్ణి పట్టుకోవచ్చనే) చట్టాన్నీ, ఆత్మరక్షణనూ అడ్డం పెట్టుకున్నారు. అక్కడా రెండు నెలలకు పైగా అరెస్టు లేదు. అయితే తరిమిన తీరు వీడియోలో ఉంది, జ్యూరీ మొత్తం క్రమాన్ని చూడగలిగింది. 2021 నవంబరు 24న ముగ్గురూ దోషులని తీర్పు వచ్చింది. అంతకుముందే, మే నెలలో, జార్జియా ఆ పాత చట్టాన్ని రద్దు చేసింది. వెనక్కి తగ్గనక్కర్లేదన్న 2006 చట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఇళ్ళు కొంటున్న డాలస్, అట్లాంటా శివార్లలో ఈ రకం చట్టాలే ఉన్నాయి. టెక్సస్‌లో 2007 నుంచి ఉంది. అక్కడి కాలనీల్లో ఉదయం నడకకు వెళ్ళే అమ్మానాన్నలు కూడా ఎవరి కళ్ళకో ‘కొత్త మనిషే’. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, గుజరాత్ నుంచి కొడుకింటికి వచ్చిన 57 ఏళ్ళ మనిషి వీధిలో నడుస్తుంటే అనుమానాస్పదంగా ఉన్నాడని ఎవరో ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాని ఆయన్ని పోలీసు నేలకేసి కొడితే పక్షవాతం వచ్చింది. కాబట్టి వచ్చిన పెద్దవాళ్ళను చుట్టుపక్కల ఇళ్ళకు పరిచయం చేయాలి, ఇంటి అడ్రసూ ఫోన్ నంబరూ ఇంగ్లీషులో రాసిన కార్డు జేబులో పెట్టాలి. పోలీసు ఆపితే కదలకుండా, చేతులు కనపడేలా నిలబడాలనీ, జేబులోకి చెయ్యి పెట్టవద్దనీ ముందే చెప్పాలి. హెచ్‌ఓఏ బోర్డుల్లో ఉన్నవాళ్ళు వాచ్ పెట్టేముందు ‘వెంబడించరాదు, ఆయుధం ఉండరాదు’ అన్న నియమాన్ని తీర్మానంగా రాసి, సభ్యుల చేత సంతకం చేయించి, మీరితే తొలగిస్తామని చేర్చాలి. వార్తాలేఖలో ఎవరి పేరూ రక్షకుడిగా వేయకూడదు. వాలంటీర్లు చేసినదానికి సంఘం బీమా వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.